సంశయ లాభం ఎవరికి?

బోదకాలు మాత్రలు పంచే రోజున ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి, "మంచినీళ్ళు తెచ్చుకోండమ్మా, నా ముందే మింగాలి" అంటుంది. పదిహేనేళ్ళు వచ్చినవాళ్ళకి మూడు డీఈసీ మాత్రలు, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి రెండు, రెండు నుంచి అయిదేళ్ళ వాళ్ళకి ఒకటి. తోడుగా ఒక ఆల్బెండజోల్. ఈ మూడు, రెండు, ఒకటి అనే లెక్క మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఒక్కో మాత్రలో 100 మిల్లీగ్రాముల మందు ఉందన్న మాట. అన్నది తయారీదారు, మింగేది మనం. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి ఒక లెక్క ఉంది. ఆ లెక్కని ఎటువైపు నుంచి మొదలుపెట్టాలన్న దాని మీద శాస్త్రవేత్తలే చాలాకాలం తడబడ్డారు. ఈ వ్యాసం ఆ తడబాటు గురించే.

డీఈసీ మాత్రలు తయారయ్యే పరవాడ వైపు వెళ్ళినవాళ్ళకి ముందు కనిపించేవి సింహాద్రి థర్మల్ కేంద్రం చిమ్నీలు. 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు. ఆ పక్కనే ఫార్మా సిటీ. 2022లో జిల్లాలు విడిపోయాక కాగితాల మీద పరవాడ అనకాపల్లి జిల్లా అయింది గానీ, షిఫ్టు బస్సులు మాత్రం ఇప్పటికీ గాజువాక మీదుగా విశాఖ నుంచే మనుషుల్ని మోసుకొస్తాయి. జపాన్‌కి చెందిన ఎయిసాయ్ కంపెనీకి ఇక్కడ ఫ్యాక్టరీ ఉంది. 2012 జనవరిలో, నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల మీద వచ్చిన లండన్ ప్రకటన సందర్భంగా, బోదకాలు నిర్మూలనకి 220 కోట్ల డీఈసీ మాత్రలు ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఉచితంగా ఇస్తామని ఆ కంపెనీ ఒప్పుకుంది. 2013 నుంచి ఆ మాత్రలు ఇక్కడ తయారై పలు దేశాలకి వెళ్తున్నాయి.

ఇందులో ఒక చిత్రం ఉంది. డీఈసీ అంటే డైఇథైల్‌కార్బమజైన్. అది బోదకాలు పురుగు మీద పనిచేస్తుందని 1947లో లోకానికి చెప్పిన లెడర్లీ పరిశోధన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో 'హెట్రజాన్' పేరుతో పుట్టిన మందు, ఆ మరుసటి ఏడే కన్నుమూసిన ఆ మనిషి సొంత కోస్తాలో ఇప్పుడు కోట్ల సంఖ్యలో తయారవుతోంది. సుబ్బారావుకి తొలి పేరు తెచ్చింది మందు కాదు, కొలత. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు చిక్కదనాన్ని బట్టి తేల్చే ఫిస్కె-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళలో ఆ పేరు వినని వాళ్ళు తక్కువ. ఎంత ఉంది అన్న ప్రశ్నతో మొదలైన మనిషి తయారుచేయించిన మాత్రలో ఎంత ఉందో తేల్చడమే మన సమస్య.

ఏ మందుల ఫ్యాక్టరీలోనైనా ఈ పని క్యూసీ, అంటే నాణ్యత నియంత్రణ, వాళ్ళది. మాత్రని పొడి చేసి, ద్రావకంలో కరిగించి, మందు ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలోకి ఎక్కిస్తారు. అంకె వస్తుంది, మాత్ర మాత్రం మిగలదు. లక్షల మాత్రల బ్యాచ్‌లో అన్నిటినీ పరీక్షిస్తే అమ్మడానికి ఏమీ ఉండదు. అందుకని కొన్నిటిని చంపి మిగతావాటి గుణం చెప్పాలి. ఇక్కడ గణాంకశాస్త్రం గదిలోకి వస్తుంది.

కొన్నిటితోనే సరిపెట్టుకోవాల్సిన తిప్పలు డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్‌కీ వచ్చాయి. బార్లీ, హాప్స్ నమూనాలు ఆయనకి నాలుగో, పదో దొరికేవి. అంత చిన్న నమూనా సగటుని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చే పద్ధతిని 1908లో అచ్చువేశాడు. ఉద్యోగుల పేర్లు బయటికి రావడం కంపెనీకి ఇష్టం లేక 'స్టూడెంట్' అన్న మారుపేరు పెట్టుకున్నాడు. డిగ్రీ పుస్తకాల్లోని 'స్టూడెంట్ టి-పరీక్ష' అదే. అది విద్యార్థులకి పెట్టే పరీక్ష అనుకున్న విద్యార్థులు ప్రతి తరంలోనూ ఉంటారు.

పాఠ్యపుస్తకం చెప్పే పద్ధతి ఇది. తయారీదారు మాట నిజమేననుకుని మొదలుపెట్టు. దానికి శూన్య పరికల్పన అని బరువైన పేరు. ఆ మాట నిజమైతే ఇలాంటి నమూనా రావడం ఎంత అరుదో లెక్కకట్టు. అదే పి-విలువ. నూటికి అయిదు కన్నా అరుదైతే మాటని తోసిపుచ్చు. లేకపోతే ఊరుకో. కోర్టు భాషలో, ముద్దాయి నిర్దోషి అనుకుని విచారణ మొదలుపెట్టడం. సాక్ష్యం చాలకపోతే సంశయ లాభం కింద వదిలేయడం.

వినడానికి న్యాయంగానే ఉంది. రెండు ఫ్యాక్టరీల మీద పెట్టి చూద్దాం. ఫ్యాక్టరీలూ అంకెలూ లెక్క కోసం నేను కల్పించినవే.

మొదటి ఫ్యాక్టరీ మాత్రలు పది తీసుకున్నాం. మిల్లీగ్రాముల్లో 97, 99, 101, 96, 98, 100, 97, 99, 98, 95 వచ్చాయి. సగటు సరిగ్గా 98. మాత్రకీ మాత్రకీ తేడా చెప్పే ప్రామాణిక విచలనం దాదాపు 1.83. దాన్ని పదికి వర్గమూలంతో భాగిస్తే 0.58, అంటే సగటు సాధారణంగా అటూ ఇటూ ఊగే మేర. చెప్పిన 100కి వచ్చిన 98 రెండు మిల్లీగ్రాములు తక్కువ. ఆ రెండుని 0.58తో భాగిస్తే సుమారు 3.46. పది నమూనాలకి గాసెట్ పట్టికలో గీత 2.26 దగ్గర ఉంది. మనది దాన్ని దాటిపోయింది. పి-విలువ వెయ్యికి ఏడు. తీర్పు: తయారీదారు మాట అబద్ధం.

రెండో ఫ్యాక్టరీ దగ్గర మూడే మాత్రలు దొరికాయి. 88, 99, 101. సగటు 96, విచలనం 7. సగటు ఊగే మేర 4.04. నాలుగు మిల్లీగ్రాముల లోటుని దానితో భాగిస్తే 0.99. మూడు నమూనాలకి గీత 4.30 దగ్గర. మనం దాని దరిదాపుల్లో లేం. పి-విలువ నూటికి 43. తీర్పు: తోసిపుచ్చడానికి ఆధారం లేదు.

ఇప్పుడు ఆ రెండు వరసలూ మళ్ళీ చదవండి. మీ అమ్మకి ఏ మాత్ర ఇస్తారు?

అన్ని మాత్రలూ 95కీ 101కీ మధ్య ఒద్దికగా ఉన్న ఫ్యాక్టరీకి శిక్ష పడింది. ఒకటి 88, ఒకటి 101గా చెదిరిపోయిన ఫ్యాక్టరీ తల ఎగరేసుకుని బయటికి నడిచింది. లెక్కలో తప్పు లేదు, పట్టిక కూడా సరైనదే. తప్పు ప్రశ్నలో ఉంది. 'సగటు సరిగ్గా 100 ఉందా?' అని అడిగితే, లోకంలో ఏ మాత్రా సరిగ్గా 100 ఉండదు కాబట్టి, నమూనా పెంచుకుంటూ పోతే ఎంత మంచి ఫ్యాక్టరీ అయినా ఏదో ఒకనాడు దొరికిపోతుంది. నమూనా తగ్గించుకుంటూ పోతే ఎంత నాసి ఫ్యాక్టరీ అయినా తప్పించుకుంటుంది. కొంచెం సరుకు చూపించేవాడికి, కొలతలు కలగాపులగంగా ఉన్నవాడికి ఈ పద్ధతి బహుమతి ఇస్తుంది. అజ్ఞానం ఎంత ఎక్కువైతే తయారీదారుకి అంత లాభం.

'ఆధారం దొరకలేదు' అంటే 'నిజమని తేలింది' అని అర్థం కాదు. శూన్య పరికల్పనని ఎన్నడూ రుజువు చేయలేమని, మహా అయితే కాదనగలమని గణాంకశాస్త్రవేత్త ఫిషర్ 1935లోనే రాశాడు. అయినా పత్రికా ప్రకటనల్లో, అప్పుడప్పుడు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల్లో కూడా, ఈ రెండూ ఒకటే అన్నట్టు చలామణీ అవుతుంటాయి. నాకైతే గణాంకాల పేరుతో జరిగే మోసాల్లో సగం ఈ ఒక్క సందులోంచే దూరతాయనిపిస్తుంది.

మందు ఉత్త సున్నపు ముద్ద కాదు కాబట్టి, ఔషధ రంగం ఈ సందుని మూయక తప్పలేదు. జెనరిక్ మందు అసలు బ్రాండుతో సమానంగా రక్తంలోకి చేరుతోందా అని చూసే పరీక్ష ఉంది. తొలి రోజుల్లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా పాఠ్యపుస్తకం దారిలోనే వెళ్ళింది. రెండూ సమానమే అనుకుని మొదలుపెట్టి, తేడా కనిపించకపోతే సరే అనేది. 20 శాతం తేడా ఉంటే పట్టుకోగల సత్తా 80 శాతమైనా అధ్యయనానికి ఉండాలని ఒక షరతు తగిలించారు. కంత మాత్రం పూర్తిగా పూడలేదు. అదే సంస్థలో పనిచేసిన డొనాల్డ్ షూర్‌మన్ 1987లో ఆ పద్ధతిని కడిగిపారేసి, తిరగేసిన పద్ధతిని నిలబెట్టాడు. మొదలుపెట్టేటప్పుడే 'రెండూ సమానం కావు' అనుకో. తేడా హద్దుల్లోనే ఉందని కంపెనీయే రుజువు చేసుకోవాలి. పై హద్దుకో పరీక్ష, కింది హద్దుకో పరీక్ష. రెండూ నెగ్గితేనే సమానం. 1992 నాటికి ఎఫ్‌డీఏ మార్గదర్శకాల్లోకి ఇది వచ్చేసింది. 80 నుంచి 125 శాతం అనే హద్దు అక్కడిదే. 125 ఏమిటి, 120 ఉండాలి కదా అని చాలామందికి సందేహం. నిష్పత్తుల లోకంలో 80 బై 100కి అద్దంలో బొమ్మ 100 బై 80. అది నూటికి 125. మన దేశంలో నీటిలో సరిగా కరగని మందుల జెనరిక్‌లకి ఈ పరీక్ష తప్పనిసరి అయింది 2017లో.

మన రెండు ఫ్యాక్టరీలనీ ఇదే కంటితో చూద్దాం. ప్రశ్న మార్చాం: 'సగటు 95కీ 105కీ మధ్య ఉందని నువ్వే నిరూపించు.' మొదటి ఫ్యాక్టరీ సగటుకి 90 శాతం నమ్మకంతో గీసిన పరిధి 96.9 నుంచి 99.1 దాకా. హద్దులో హాయిగా ఇమిడింది. రెండోదాని పరిధి 84 నుంచి 108 దాకా పరుచుకుంది. కింద హద్దు దాటింది, పైన హద్దు దాటింది. తీర్పు తలకిందులైంది. పైగా ఇప్పుడు తక్కువ మాత్రలు చూపిస్తే నష్టం కంపెనీకే. సంశయ లాభం మందు మింగేవాడి వైపు తిరిగింది.

సగటు ఒక్కటే చాలదని కూడా క్యూసీలో అందరికీ తెలుసు. ఒక మాత్రలో 60, ఇంకోదాంట్లో 140 ఉన్నా సగటు 100 చూపిస్తుంది. అందుకని అమెరికా, యూరప్, జపాన్ ఫార్మకోపియాలు కలిసి ఒప్పుకున్న ఏకరూపత పరీక్షలో లోటునీ చెదురునీ కలిపి జరిమానా వేస్తారు. పది మాత్రల విచలనాన్ని 2.4తో హెచ్చించి, సగటు దారి తప్పిన మేరని దానికి కలుపుతారు. లోటు వైపు చూస్తే, సగటు 98.5కి తగ్గితేనే ఆ రెండో ముక్క మొదలవుతుంది. మొత్తం 15 దాటకూడదు. మొదటి ఫ్యాక్టరీకి 4.9 వస్తుంది. రెండోది పది మాత్రలు చూపించి, వాటికీ అదే సగటు, అదే చెదురు ఉంటే 19.3. జరిమానాలో పెద్ద వాటా చెదురుదేనని గమనించండి.

ఇంకో సందు కూడా ఉంది. క్యూసీ భాషలో దాని పేరు ఓఓఎస్, అంటే ఫలితం నిర్దేశించిన హద్దు దాటడం. ఓఓఎస్ వచ్చిన రాత్రి షిఫ్టులో ఎవరికీ టీ సయించదు. మనిషికి సహజంగా వచ్చే ఆలోచన ఒకటే: 'ఇంకోసారి చేసి చూద్దాం.' చెడ్డ బ్యాచ్ పరీక్షలో పొరపాటున నెగ్గే అవకాశం ఒక్కసారికి నూటికి అయిదే అనుకుందాం. కానీ అదే బ్యాచ్‌ని పద్నాలుగుసార్లు పరీక్షిస్తే ఎప్పుడో ఒకసారి నెగ్గే అవకాశం సగం దాటుతుంది. నెగ్గిన కాగితం ఫైల్లో పెట్టి మిగతా పదమూడు చింపేస్తే, చట్టం కంటికి అంతా సవ్యమే. 1993లో న్యూజెర్సీ ఫెడరల్ న్యాయస్థానంలో బార్ లేబొరేటరీస్ కేసులో జడ్జి వోలిన్ ఇచ్చిన తీర్పు ఈ అలవాటు మీదే. కారణం తేల్చకుండా, నెగ్గేదాకా పరీక్షిస్తూ పోవడం కుదరదన్నాడు. ఇవాళ పరవాడలోనైనా పాషమైలారంలోనైనా అమెరికాకి సరుకు పంపే ప్రతి కంపెనీ ఓఓఎస్ దర్యాప్తు ఆ తీర్పు నీడలోనే నడుస్తుంది.

మళ్ళీ పరీక్షించడమే తప్పని కాదు. మాత్ర ఎంత త్వరగా కరుగుతోందో చూసే డిజల్యూషన్ పరీక్షలో ముందు ఆరు మాత్రలు వేస్తారు. అవి గట్టెక్కకపోతే మరో ఆరు, అప్పటికీ తేలకపోతే ఇంకో పన్నెండు. తేడా ఏమిటంటే, ఎప్పుడు ఆపాలో, ఏ మెట్టులో ఎంత చాలునో మొదటి మాత్ర నీళ్ళలో పడకముందే రాసి ఉంది. బొమ్మా బొరుసూ వేశాక పందెం మార్చే వీలు లేదు.

విశాఖ పేరు ఎత్తి ఈ శాస్త్రంలో ఒక మనిషిని తలుచుకోకపోతే తప్పు. కల్యంపూడి రాధాకృష్ణారావు, సి.ఆర్.రావు, ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో, ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి కలకత్తా వెళ్ళాడు. పరికల్పనల్ని పరీక్షించడానికి ఆయన 1948లో ఇచ్చిన 'స్కోర్ పరీక్ష' భావాన్ని సింహాచలం కొండ మీద చెప్పుకోవచ్చు. దట్టమైన మంచు. 'మనం శిఖరం మీదే ఉన్నాం' అని పక్కవాడు అంటున్నాడు. నిజమో కాదో తెలియాలంటే కొండంతా తిరగక్కర్లేదు, నిలబడిన చోట కాళ్ళ కింద వాలు చూస్తే చాలు. నేల చదునుగా ఉంటే వాడి మాటకి ఢోకా లేదు. బాగా వాలుగా ఉంటే శిఖరం ఇంకెక్కడో ఉంది. తయారీదారు మాట అనే బిందువు దగ్గర నిలబడి, మన కొలతలు మనల్ని ఎంత గట్టిగా పక్కకి లాగుతున్నాయో చూడటమే ఆ పరీక్ష. 2023లో ఆయనకి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో నూట రెండేళ్ళ వయసులో వెళ్ళిపోయాడు.

మాత్ర సంగతి తేలింది. మరి మాత్రలు పంచిన కార్యక్రమం తన మాట నిలబెట్టుకుందా? ఏళ్ళ తరబడి డీఈసీ మింగించాక, 'మా జిల్లాలో బోదకాలు వ్యాప్తి ఆగింది, ఇక మాత్రలు ఆపేస్తాం' అని అధికారులు అంటారు. అదీ ఒక తయారీదారు మాట లాంటిదే. ఇక్కడ మాట తప్పితే దోమ మళ్ళీ పని మొదలుపెడుతుంది. కాలు ఏనుగు కాలయ్యాక వెనక్కి రాదు.

దీన్ని తేల్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో పుస్తకంగా ఇచ్చింది. ఆరేడేళ్ళ పిల్లల వేలి కొనలో చుక్క రక్తం తీసి పట్టీ మీద వేస్తారు. మాత్రలు మొదలయ్యాక పెరిగిన పిల్లల్లో పురుగు జాడ ఉందంటే వ్యాప్తి ఇంకా సాగుతున్నట్టే. లెక్క మొదలయ్యేది 'వ్యాధి ఇంకా ఉంది' అన్న చోట. మన క్యూలెక్స్ దోమ ఉన్న ప్రాంతాల్లో గీత 2 శాతం. పెద్ద జనాభాకి వాడే ఒక నమూనా పరిమాణం 1,692 మంది పిల్లలు. రెండు శాతం అంటే దాదాపు 34 మంది. కానీ నెగ్గాలంటే 20 మందికి మించి పట్టీ మీద పురుగు జాడ చెప్పే రెండో గీత కనిపించకూడదు. పాతిక మందికి వచ్చిందనుకోండి. అది ఒకటిన్నర శాతమే, రెండు కన్నా తక్కువే. అయినా ఓడినట్టే. 34కీ 20కీ మధ్య ఉన్న ఆ పద్నాలుగు మంది ఎడం అదృష్టానికి వదిలిన జాగా. నిజంగా రెండు శాతం వ్యాధి ఉన్న జిల్లా కూడా అదృష్టం కొద్దీ తక్కువ చూపించవచ్చు. ఆ అదృష్టాన్ని నూటికి అయిదుకి కట్టడి చేశారు.

1,692 ఎందుకంత పెద్ద సంఖ్య అంటే, దానికి వంటింట్లో జవాబు ఉంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుందంటాం. గిన్నె అంతా ఒకేలా ఉడికితే అది నిజమే. అడుగు మాడి పైన పలుకుగా ఉన్న గిన్నెలో ఒకే గరిటెతో తీసిన పది మెతుకులు చెప్పే సాక్ష్యం ఒక్క మెతుకు సాక్ష్యం కన్నా పెద్దగా ఎక్కువ కాదు. ఒకే బడి పిల్లలు ఒకే మురుగు కాలవ పక్కన, ఒకే దోమల మధ్య పెరుగుతారు. ఇంటింటికీ చీటీలు తీసి పిల్లల్ని ఎంచితే ఇందులో సగం మంది చాలు. బడుల్ని ఎంచుకుని పిల్లల్ని తీసుకుంటున్నాం కాబట్టి సంఖ్య రెట్టింపైంది.

ఈ జాగ్రత్తకి ఖరీదు ఉంది. వ్యాధి నిజంగా ఒక శాతానికి దిగిపోయిన జిల్లా కూడా నూటికి దాదాపు పాతిక సార్లు ఈ పరీక్షలో ఓడిపోవచ్చు. నాణ్యత నియంత్రణ పుస్తకాల్లో దీన్ని ఉత్పత్తిదారు నష్టం అంటారు, వ్యాధి ఉన్నా అదృష్టం కొద్దీ నెగ్గిపోయే ఆ మొదటిది వినియోగదారు నష్టం. రెండిటినీ ఒకేసారి తగ్గించాలంటే నమూనా పెంచడం ఒక్కటే దారి. అది కుదరనప్పుడు ఎవరి నష్టం ఎక్కువ బాధాకరమో ముందే కూర్చుని నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం గణితం చేయదు. అయిదు శాతం అన్న అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఎవరో మనుషులు బల్ల చుట్టూ కూర్చుని రాసుకున్నది.

ఓడిన చోట ఇంకో రెండు విడతలు మాత్రలు. మళ్ళీ గుమ్మంలో ఆశా కార్యకర్త, మళ్ళీ మంచినీళ్ళు. "పోయినేడే మింగాం కదమ్మా, మా వీధిలో ఎవరికీ లేదుగా" అని ఇంటావిడ విసుక్కుంటుంది. ఆవిడ మాట నిజమే అయ్యుండొచ్చు. ఎక్కడో ఒక బడిలో ఇరవై ఒకటో పిల్లవాడి పట్టీ మీద రెండో గీత కనిపించింది, అంతే.